సంగటి, బీపీ మాత్ర, చెవి మిషన్: వయసు పైబడ్డాక మెదడును నిజంగా కాపాడేవి

మూడేళ్ల కిందట, వేసవిలో ఒక తెల్లవారుజామున కరెంటు వచ్చే వేళకు మా నాయన టార్చిలైటు పట్టుకుని తోటకు వెళ్ళాడు. అనంతపురం పక్కన నార్పల దగ్గర మాకు నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది, మోటారు వేసేది ఎప్పుడూ ఆయనే. అరగంట గడిచినా బోరు చప్పుడు వినపడలేదు. సెలవులకు వచ్చి ఉన్నాను కాబట్టి లేచి వెళ్లి చూశాను. టార్చి వెలుగు స్టార్టర్ డబ్బా మీదే ఉంది, ఆయన చెయ్యి మాత్రం గాల్లో ఆగిపోయి ఉంది. నన్ను చూసి, "ఏది నొక్కల్లరా?" అన్నాడు. ఒకటి పచ్చ బటన్, ఒకటి ఎర్ర బటన్. ముప్పై ఏళ్లుగా చీకట్లో చేత్తో తడిమి మోటారు వేసిన మనిషి ఆయన. నేను పచ్చది నొక్కాను, పైపుల్లోకి నీళ్లు వచ్చాయి, ఇంటికి వచ్చేదాకా ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

ఇంట్లో చెప్తే అమ్మ, "డెబ్బై దాటినాయి కదప్పా, మతి పోకుండా ఉంటాదా" అంది. మేమందరం సరేననుకున్నాం. ఆ మాట నమ్మినందుకు మాకు దాదాపు ఏడాది పోయింది, అందుకే ఇదంతా కూర్చుని రాస్తున్నాను. మతిమరుపు అనగానే మనవాళ్ల దగ్గర రెండే జవాబులు ఉంటాయి. ఒకటి, వయసైపోయింది, చేసేదేం లేదు. రెండోది, ఫలానా ఆకు తిను, ఫలానా గింజలు నానబెట్టుకుని తిను, మెదడు చురుగ్గా ఉంటుంది. ఈ రెండూ తప్పే. అసలు సంగతి వీటి మధ్యలో ఉంది, అది కొంచెం చిక్కుముడిలాగే ఉంటుంది.

ముందు ఏది మామూలు, ఏది కాదు అన్నది చూద్దాం. వయసుతో మెదడు నెమ్మదిస్తుంది, అది నిజం. పెళ్లిలో ఎదురుపడిన మనిషి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయి, భోజనాలయ్యాక గుర్తు రావడం మామూలే. కొత్త ఫోన్ వాడకం నేర్చుకోవడానికి నాలుగు రోజులు ఎక్కువ పట్టడం కూడా మామూలే. కానీ ఏళ్లుగా చేతికి అలవాటైన పని వరస తప్పడం, ఐదొందల నోటు ఇచ్చి చిల్లర ఎంత రావాలో లెక్క తేల్చుకోలేకపోవడం, బస్టాండు నుంచి ఇంటికి తెలిసిన దారిలో తికమకపడటం, పది నిమిషాల్లో అడిగిందే మూడుసార్లు అడగడం, ఇవి మామూలు ముసలితనం కాదు. ఇలాంటివి నెలనెలా ముదురుతూ, రోజువారీ పనులకు అడ్డం పడుతుంటే దాన్ని డిమెన్షియా అంటారు. డిమెన్షియా అనేది ఒక్క జబ్బు పేరు కాదు, జ్వరం లాగా అదొక స్థితి. దాని వెనక మెదడు కణాలు మెల్లగా చచ్చిపోయే అల్జీమర్స్ జబ్బు ఉండొచ్చు, మెదడు రక్తనాళాలు పూడుకుపోవడం ఉండొచ్చు, చాలామంది పెద్దవాళ్లలో రెండూ కలిసే ఉంటాయి. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఇది ఉందని 2023లో వచ్చిన జాతీయ స్థాయి అంచనా. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో, పట్నాలకన్నా పల్లెల్లో ఎక్కువ.

ఇంకో మాట. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్క రోజులో, రెండు రోజుల్లో తికమకగా మాట్లాడటం మొదలుపెడితే అది డిమెన్షియా కాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం పడిపోవడం, షుగర్ పడిపోవడం, పక్షవాతం, వీటిలో ఏదైనా కావచ్చు. అప్పుడు రేపు చూద్దాంలే అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మా నాయన సంగతికి వస్తే, మొదట చూపించిన డాక్టరు రెండు నిమిషాలు మాట్లాడి, వయసు ప్రభావం అని చెప్పి జ్ఞాపకశక్తి మాత్రలు రాశారు. నాలుగు నెలలు వాడాం. ఏమీ మారలేదు, పైగా అరికాళ్లు మొద్దుబారుతున్నాయని, చెప్పు ఊడిపోయినా తెలియడం లేదని ఆయన అనడం మొదలుపెట్టాడు. రెండోసారి వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే ఆమె స్కాన్ మాట ఎత్తకముందే, ఇప్పుడు ఏమేం మందులు వాడుతున్నారని అడిగింది. షుగర్‌కు పద్నాలుగేళ్లుగా మెట్‌ఫార్మిన్, పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర, అదీ ఏడెనిమిదేళ్లుగా. తిండి ఏమిటని అడిగింది. మాంసం, గుడ్డు మానేసి ఇరవై ఏళ్లైంది, పాలంటే టీలో పోసుకునేవే. రక్తపరీక్షలో విటమిన్ బి12 బాగా తక్కువగా వచ్చింది.

బి12 మనకు సహజంగా దొరికేది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే. అది తగ్గితే నరాల మీది పొర దెబ్బతింటుంది, కాళ్లు మొద్దుబారతాయి, నడక తూలుతుంది, మతిమరుపు వస్తుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడినా, గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి మింగినా దాన్ని ఒంటికి పట్టనివ్వవు. అలాగని షుగర్ మాత్ర మానేయమని కాదు, మానితే ఇంకో ప్రమాదం. ఏడాదికోసారి బి12 చూపించుకుంటే చాలు. నాయనకు ఇంజెక్షన్లు మొదలయ్యాక మూడు నెలలకు స్టార్టర్ దగ్గర తికమక పోయింది. ఇది అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పను, బి12 మామూలుగా ఉన్నవాళ్లు ఆ ఇంజెక్షన్లు వేయించుకుంటే జ్ఞాపకశక్తి పెరగదు కూడా. నేను చెప్పేది, మతిమరుపు కనపడితే మొదట వెతకాల్సింది సరిచేయగలిగే కారణాలను అని. బి12తో పాటు థైరాయిడ్ తగ్గడం, డిప్రెషన్, రోజూ వేసుకునే నిద్రమాత్రలు, దురదకూ జలుబుకూ వాడే మత్తు వచ్చే మందులు, ఇవన్నీ మతిమరుపు లాగే కనపడతాయి. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందుల పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.

అయితే ఆ డాక్టరమ్మ అక్కడితో ఆపలేదు. బీపీ చూస్తే 168. చెవిలో మాట చెప్తే సగం వినపడలేదు. "బి12 ఒక్కటే కాదు, ఇవి కూడా సరిచేయాలి, లేకపోతే నాలుగేళ్లకు మళ్లీ ఇక్కడికే వస్తారు" అంది. బీపీకీ మతికీ ఏం సంబంధం అని నాకప్పుడు అర్థం కాలేదు.

మెదడు మన ఒంటి బరువులో రెండు శాతమే, కానీ ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో ఐదో వంతు దానికే కావాలి. ఆ శక్తి, ఆక్సిజన్ మోసుకొచ్చేది రక్తమే, లోపల సన్నటి నాళాల చివరి కొసలదాకా వెళ్లి అందించాలి. డ్రిప్ ఉన్న తోట చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. రెండు మూడేళ్లకు సన్న పైపుల్లో తెల్లగా గారపడుతుంది, నీళ్లు చుక్కలుగా పడే చిల్లులు పూడుకుపోతాయి. పెద్ద పైపులో నీళ్లు దండిగానే ఉంటాయి, గేటు దగ్గర చెట్లు పచ్చగానే కనపడతాయి, ఎండేది మాత్రం చాలు (వరస) చివర ఉన్న చెట్లు. అందుకే యాసిడ్ పంపి పైపులు శుభ్రం చేస్తాం, ప్రెషర్ ఎక్కువై పైపులు పగలకుండా చూసుకుంటాం. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్నా, షుగర్, చెడు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నా మెదడులోని సన్న నాళాలకు అలాంటిదే జరుగుతుంది. పక్షవాతంలాగా ఒక్కసారిగా పడిపోరు. అక్కడో చిన్న ముక్క, ఇక్కడో చిన్న ముక్క రక్తం అందక ఎండిపోతూ ఉంటుంది, మనిషి కొంచెం నెమ్మదించాడు, కోపం ఎక్కువైంది, నడక మారింది అనుకుంటాం. తేడా ఒక్కటే, తోటలో ఎండిన చెట్టు పీకి ఇంకోటి నాటుకోవచ్చు.

ఇది ఊహ కాదు. 2019లో అమెరికాలో 9,361 మంది బీపీ రోగులతో చేసిన స్ప్రింట్ ట్రయల్ ఫలితం వచ్చింది. పై అంకెను 140 లోపు ఉంచినవాళ్లకన్నా 120 లోపు ఉంచినవాళ్లలో, డిమెన్షియాకు ముందు దశ అయిన జ్ఞాపకశక్తి లోపం 19 శాతం తక్కువగా కనపడింది. అసలు డిమెన్షియా కేసుల్లో తేడా కచ్చితంగా చెప్పగలిగేంత రాలేదు, ట్రయల్ ముందే ఆపేయడం దానికి ఒక కారణం. 120 అనేది ప్రతి ముసలివాళ్లకూ సరిపోయే అంకె కూడా కాదు, లేచి నిలబడగానే కళ్లు తిరిగే మనిషికి ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి. కానీ మనదగ్గర సమస్య ఎక్కువ తగ్గించడం కాదు కదా. తలనొప్పి లేదు, బాగానే ఉన్నాను అని నెలకే మాత్ర మానేయడం. బీపీ ఎక్కువైతే తెలుస్తుంది అనుకోవడమే పెద్ద పొరపాటు, చాలామందికి అసలు తెలియదు.

2024లో లాన్సెట్ కమిషన్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం ప్రపంచంలోని పరిశోధనలన్నీ కలిపి చూసి, మనం మార్చగలిగే కారణాలు 14 ఉన్నాయని లెక్క తేల్చింది. వాటన్నిటినీ పూర్తిగా సరిచేయగలిగితే డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం రాకుండానో, ఆలస్యంగా వచ్చేలాగో చేయొచ్చని వాళ్ల అంచనా. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, ఊబకాయం, పొగ, తాగుడు, కదలకుండా కూర్చోవడం, చెవుడు, చూపు మందగించడం, డిప్రెషన్, ఒంటరితనం, తలకు దెబ్బలు, గాలి కాలుష్యం, చిన్నప్పుడు చదువు లేకపోవడం. ఈ పద్నాలుగులో బాదంపప్పు లేదు, ఏ ఆకూ లేదు. తిండి విడిగా ఒక కారణంగా లేదు గానీ షుగర్, కొలెస్ట్రాల్, బీపీ, బరువు అనే నాలుగు దారుల్లో లోపలికి వస్తుంది. మిగతా 55 శాతం ఇప్పటికి మన చేతిలో లేదు, వయసు, జన్యువులు లాంటివి. అన్నీ పద్ధతిగా చేసినవాళ్లకు కూడా డిమెన్షియా వస్తుంది, అది వాళ్ల తప్పు కాదు, ఆ మాట ఇంట్లో వాళ్లకు గట్టిగా చెప్పాలి.

ఇక తిండి. ఇక్కడే ఎక్కువ గందరగోళం.

2015లో షికాగోలోని రష్ యూనివర్సిటీ పరిశోధకురాలు మార్తా క్లేర్ మోరిస్ బృందం ఒక ఆహార పద్ధతిని తయారుచేసింది, పేరు మైండ్ డైట్. ఆకుకూరలు, ఇతర కూరగాయలు, గింజలు, పప్పులు, ముడిధాన్యాలు, చేపలు ఎక్కువ. వెన్న, స్వీట్లు, వేపుళ్లు తక్కువ. అక్కడి 923 మంది పెద్దవాళ్లను సగటున నాలుగున్నరేళ్లు గమనిస్తే, ఈ పద్ధతికి బాగా దగ్గరగా తిన్నవాళ్లలో అల్జీమర్స్ ముప్పు 53 శాతం తక్కువగా ఉంది. ప్రపంచమంతా పేపర్లు రాశాయి. తర్వాత అదే డైట్ మీద అసలు పరీక్ష పెట్టారు. 604 మందిని తీసుకుని, ఎవరు ఏ తిండి తినాలో చీటీ వేసినట్టు విభజించి, మూడేళ్లు చూశారు. 2023లో ఫలితం వచ్చింది. మైండ్ డైట్ తిన్నవాళ్లకూ, మామూలు తిండే కొంచెం తగ్గించి తిన్నవాళ్లకూ జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇది చదివి చాలామంది తిండి వల్ల ఏమీ లేదని తేల్చేస్తారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ నిదానంగా చూస్తే రెండూ నిజమే అయ్యే వీలుంది. మొదటి దాంట్లో గమనించారంతే. ఆకుకూరలు బాగా తినేవాళ్లు సాధారణంగా నడుస్తారు కూడా, మందులు టైముకు వేసుకుంటారు, కాస్త చదువు, డబ్బు ఉంటాయి. ఎంత లెక్కగట్టినా మేలు ఆకుకూరదా, ఆ జీవితానిదా అని పూర్తిగా విడదీయలేరు. రెండోదాంట్లో విడదీశారు, కానీ మూడేళ్లే. పైగా రెండు గుంపులూ తిండి తగ్గించాయి, రెండూ సుమారు ఐదు కిలోల బరువు తగ్గాయి, రెండిటిలోనూ పరీక్ష మార్కులు మెరుగయ్యాయి. అల్జీమర్స్ మార్పులు మెదడులో లక్షణాలు కనపడటానికి పదిహేను ఇరవై ఏళ్ల ముందే మొదలవుతాయి. డెబ్బై ఏళ్ల మనిషికి మూడేళ్లు ఆకుకూరలు పెట్టి కొలిస్తే, ఎండాకాలం చివర్లో మూడు తడులు ఇచ్చి కాపు ఎందుకు పెరగలేదని అడిగినట్టే ఉంటుంది. తిండి ప్రభావం నాళాల మీద, అదీ నలభైల్లో, యాభైల్లో, నెమ్మదిగా పడుతుంది. కాబట్టి ఈ కథ అసలు మా నాయన వయసువాళ్ల కన్నా నా వయసువాళ్లకు ఎక్కువ అవసరం.

మరి మనం ఏం తినాలి? ఆలివ్ నూనె, బ్లూబెర్రీలు అనంతపురంలో వెతకాల్సిన పని లేదు. మా అవ్వ కాలంలో రాయలసీమ కంచం చూడండి. రాగి సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం, ఉలవలు, అలసందలు, చెనిక్కాయలు (వేరుశనగ), తోటకూర, చెంచలాకు, గోంగూర, ఎప్పుడైనా నాటుకోడి. ముడిధాన్యం, పప్పులు, ఆకులు, గింజలు, మాంసం కొంచెం. ఆ డైట్ కాగితం మీద రాసింది ఇక్కడ కరువు పొలాల్లో ఎప్పుడో పండింది. తర్వాత 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ పథకం వల్ల ఎన్ని ఇళ్లల్లో ఆకలి తీరిందో మా ఊర్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. కానీ దాంతోపాటే కొర్రలు, జొన్నలు వేసే చేలల్లో చెనిక్కాయ ఒక్కటే మిగిలింది, మూడు పూటలా తెల్లన్నం పండగ నుంచి రోజువారీ అయింది. వంద గ్రాముల రాగుల్లో 11 గ్రాముల దాకా పీచు ఉంటుంది, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. పీచు తగ్గితే అన్నం తిన్నాక షుగర్ తొందరగా ఎక్కుతుంది, ఆ షుగర్ నాళాల మీద పడుతుంది.

అలాగని సంగటి మందు కాదు. అవ్వ రెండు ముద్దలు తిని మధ్యాహ్నమంతా చేనులో కలుపు తీసేది. మనం రెండు ముద్దలు తిని ఏసీ కింద కూర్చుంటే షుగర్ పెరగకుండా ఉండదు, పైగా ఇప్పుడు హోటళ్లలో చేసే సంగటిలో సగానికి పైగా బియ్యమే. ముద్ద ఒకటి చాలు, దాని పక్కన ఆకుకూర పప్పు రెండింతలు ఉండాలి. చెనిక్కాయలు గుప్పెడు, ఉడకబెట్టినవో వేయించినవో తినండి, ఉప్పు కారం పట్టించిన మసాలా పల్లీలు కాదు. ఊరుబిండి మంచిదే, ఉప్పు చూసుకుంటే. అవిసె గింజల పొడి ఉంటే ఇంకా మంచిది. మాంసాహారం తినేవాళ్లు వారానికి ఒకటి రెండుసార్లు మటన్ బదులు చేపలు తినొచ్చు, శ్రీశైలం నీళ్ల చేపలు కర్నూలు మార్కెట్లో దొరుకుతూనే ఉంటాయి. నూనె పామాయిల్ కన్నా చెనిక్కాయ నూనె నయం, పామాయిల్‌లో దాదాపు సగం గడ్డకట్టే రకం కొవ్వే. ఏ నూనె అయినా బజ్జీలు వేయించిన నూనెనే మళ్లీ మళ్లీ కాచి వాడితే మంచిది కాదు. ఉగ్గాని రోజూ తిన్నా పక్కన బజ్జీలు ఆదివారానికి పెట్టుకుంటే సరిపోతుంది.

నాకు ఎక్కువ దిగులు ఉప్పు గురించే. ఊరగాయ, ఊరమిరపకాయలు, వడియాలు, అప్పడాలు, చట్నీ, మజ్జిగలో మళ్లీ కొంచెం ఉప్పు. రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అదీ అన్నిట్లో కలిపి. ఒక్క ఊరమిరపకాయ నంజుకుని మజ్జిగన్నం తినేసరికి అందులో ఎంత పోతుందో మా అమ్మ ఒకరోజు చెంచాతో కొలిచి చూసుకుని తనే ఆశ్చర్యపోయింది. ఇప్పుడు మా ఇంట్లో ఊరగాయ జాడీ డైనింగ్ టేబుల్ మీద ఉండదు, అటక మీద ఉంటుంది, కావాలంటే స్టూలు వేసుకుని దించుకోవాలి. మాన్పించడం కన్నా ఇదే బాగా పనిచేసింది.

మాత్రల సంగతి తొందరగా చెప్పేస్తాను. గింకో అనే చెట్టు ఆకు సారంతో 3,069 మంది మీద చేసిన పెద్ద ట్రయల్ 2008లో వచ్చింది, డిమెన్షియాను ఆపలేదు. చేపనూనె మాత్రలతో చేసిన ట్రయల్స్ ఎక్కువగా ఏ లాభమూ చూపలేదు. సరస్వతి ఆకు మనకు ఎప్పటినుంచో ఉన్నదే, తినండి, కానీ అది డిమెన్షియా రాకుండా చేస్తుందని పెద్ద పరీక్షల్లో రుజువు కాలేదు. నెలకు వెయ్యి రూపాయలు పెట్టి డబ్బాలు కొనే బదులు అదే డబ్బుతో ఇంటికి ఒక బీపీ మిషన్ కొనుక్కోవచ్చు.

మరి తిండి ఒక్కటే పెడితే తేలని చోట, అన్నీ కలిపి పెడితే ఏమవుతుంది? ఫిన్లాండ్‌లో ఇదే చేశారు. 60 నుంచి 77 ఏళ్ల మధ్య ఉండి, ముప్పు ఎక్కువ ఉన్న 1,260 మందిని తీసుకున్నారు. సగం మందికి తిండి మార్పు, వ్యాయామం, మెదడుకు పని, బీపీ షుగర్ల మీద కన్ను, నాలుగూ కలిపి రెండేళ్లు ఇచ్చారు. మిగతా సగానికి మామూలు సలహాలు ఇచ్చారు. 2015లో ఫలితం వస్తే, మొదటి గుంపులో మెదడు పనితనంలో మెరుగుదల రెండో గుంపుకన్నా 25 శాతం ఎక్కువ. దాన్ని చూసి అమెరికాలో 2,111 మందితో అలాంటిదే చేసి 2025లో చెప్పారు, పద్ధతి ప్రకారం మనిషిని వెంట పెట్టి చేయించినవాళ్లు, సొంతంగా చేసుకున్నవాళ్లు ఇద్దరూ మెరుగయ్యారు, మొదటివాళ్లు కొంచెం ఎక్కువగా. తేడాలు చిన్నవే, డిమెన్షియా ఆగిందని రుజువు చేయడానికి రెండేళ్లు చాలవు. అయినా దారి ఎటువైపో తెలుస్తోంది కదా. ఏదో ఒక్కటి పట్టుకుని కూర్చుంటే కాదు, అన్నీ కొంచెం కొంచెం చేయాలి, తోడు ఉంటే ఎక్కువ రోజులు చేస్తారు.

నడక గురించి అందరికీ తెలిసిందే కాబట్టి సాగదీయను. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో 120 మంది పెద్దవాళ్లలో, వారానికి మూడు రోజులు నలభై నిమిషాలు నడిచిన వాళ్లకు జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోకాంపస్ అనే భాగం ఏడాదిలో 2 శాతం పెరిగింది, ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లకు 1.4 శాతం తగ్గింది. తర్వాత వచ్చినవన్నీ అంత గట్టిగా చెప్పలేదు. కానీ నడక వల్ల బీపీ, షుగర్, నిద్ర, మనసు నాలుగూ బాగుపడతాయి, అది చాలు. మన ఎండలకు పొద్దున ఆరు లోపు లేదా సాయంత్రం పొద్దు వాలాక నడవాలి.

చెవుల దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే మనం పూర్తిగా వదిలేసింది దాన్నే. సాయంత్రమైతే రచ్చకట్ట మీద పులిమేక ఆడటం మా నాయనకు నలభై ఏళ్ల అలవాటు. రెండేళ్లుగా వెళ్లడం మానేశాడు. మోకాళ్ల నొప్పి అనుకున్నాం. తర్వాత తేలింది, అక్కడ నలుగురు మాట్లాడితే ఆయనకు గజిబిజిగా వినపడుతోంది. సగం విని తప్పు జవాబు చెప్తే నవ్వుతున్నారు. అందుకని ఇంటి అరుగు మీదే ఒక్కడే కూర్చునేవాడు, మాకు ఆ మాట చెప్పలేదు. చెవుడు వస్తే మెదడుకు రెండు వైపుల నష్టం. ఒకటి, వినడానికే శక్తంతా పోతుంది, విన్నది గుర్తుపెట్టుకోవడానికి మిగలదు. రెండు, మనుషులకు దూరమైపోతారు. లాన్సెట్ లెక్కలో చెవుడు వాటా 7 శాతం, పద్నాలుగు కారణాల్లోనూ పెద్దవాటిలో ఒకటి. 2023లో అమెరికాలో 70 దాటిన 977 మందితో చెవి మిషన్ల మీద ట్రయల్ చేస్తే మొత్తం మీద తేడా రాలేదు, కానీ వాళ్లలో గుండెజబ్బు ముప్పు ఎక్కువ ఉన్న గుంపులో మూడేళ్లకు మెదడు క్షీణత 48 శాతం నెమ్మదించింది. అంటే నాయన లాంటివాళ్లలో.

చెవి మిషన్ తెచ్చిన మొదటి వారం ఆయన దాన్ని ఏదో పాత మాత్రల డబ్బాలో పెట్టి బీరువాలో దాచాడు. పెట్టుకుంటే ఫ్యాను చప్పుడు కూడా గోలగా ఉందని, చెవిటోడని ఊరంతా తెలుస్తుందని. అది మామూలే, మెదడుకు మళ్లీ చప్పుళ్లు అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట రోజుకు గంట, ఇంట్లో, ఒక్క మనిషితో మాట్లాడేటప్పుడు పెట్టుకోమన్నారు. ఇరవయ్యో రోజో ఏమో, వరండాలో కూర్చుని అమ్మను పిలిచి, "ఆ ఉడత చప్పుడు ఎన్నాళ్ల నుంచి ఉండాది ఈడ?" అని అడిగాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయి కాసేపు బయటికి రాలేదు. శుక్లం ఉంటే ఆపరేషన్ చేయించడం కూడా ఇలాంటిదే, కంటిచూపుతో పాటు మెదడుకు మేత వస్తుంది.

మనుషులతో మాట, ఆట, పాట మెదడుకు ఏం చేస్తాయో మన పక్కనే జరిగిన ఒక పరిశోధన ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చింది. అక్షరం ముక్క రానివాళ్లలో కూడా ఆ తేడా కనపడింది, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. బడికి పోనివాళ్లకు కూడా జీవితం చదువు నేర్పుతుంది, మెదడులో నిల్వ పెరుగుతుంది. చెరువులో నీళ్లు ఎక్కువ ఉంటే అదే ఎండకు ఆలస్యంగా ఎండినట్టు, జబ్బు మొదలైనా లక్షణాలు కనపడటానికి టైం పడుతుంది. మడకశిర, రాయదుర్గం వైపు తెలుగు, కన్నడ రెండూ ఇంటి భాషలే. కర్నూలు, కడప పాత ఊర్లలో తెలుగు, ఉర్దూ కలిసే పెరుగుతాయి. మనవళ్లు ఇంగ్లీషు మీడియం అని అవ్వతో కన్నడం మాట్లాడటం మానేస్తే నష్టం ఇద్దరికీ.

న్యూయార్క్‌లో 75 దాటిన 469 మందిని గమనించి 2003లో చెప్పిన దాంట్లో, చదవడం, బోర్డు మీద ఆడే ఆటలు, వాయిద్యం, డ్యాన్సు, వీటికి అలవాటైన వాళ్లలో డిమెన్షియా తక్కువగా ఉంది. అక్కడివాళ్లకు చదరంగం, మనకు పులిమేక, బారాకట్ట. డ్యాన్సు అంటే మన చెక్కభజన, కోలాటమే కదా, అడుగు గుర్తుపెట్టుకోవాలి, పక్కవాడి కర్ర చూడాలి, పాట అందుకోవాలి, ఊపిరి సరిపోవాలి. ఇది కూడా గమనింపే, రుజువు కాదు, కానీ ఇందులో పోయేదేమీ లేదు. భార్యో భర్తో పోయాక ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లు తిండి తగ్గించి, మాట తగ్గించి ఉంటే దాన్ని ముసలితనం ఖాతాలో వేయొద్దు, అది డిప్రెషన్ కావచ్చు, దానికి మందు ఉంది. 14416 కు ఫోన్ చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

నిద్ర ఇంకో పెద్ద సంగతి. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగులను దశాబ్దాలపాటు గమనిస్తే, యాభై, అరవై, డెబ్బై ఏళ్ల వయసులన్నిట్లోనూ రోజూ ఆరు గంటలు, అంతకన్నా తక్కువే నిద్రపోయినవాళ్లలో డిమెన్షియా ముప్పు 30 శాతం ఎక్కువ కనపడింది. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతుంటే చూపించుకోవాలి. రోజూ నిద్రమాత్ర పరిష్కారం కాదు, అదే మతిమరుపు తెస్తుంది. బీడీ, సిగరెట్, సారా గురించి కొత్తగా చెప్పేదేం లేదు, ఎప్పుడు మానినా లాభమే. బైకు మీద తోటకు పోయేవాళ్లు హెల్మెట్ పెట్టుకోండి, తలకు తగిలిన దెబ్బ ఇరవై ఏళ్ల తర్వాత కూడా లెక్కలోకి వస్తుంది.

నాయన సంగతి అడుగుతారేమో. పూర్తిగా పాతమనిషి కాలేదు. నిరుడు బెంగుళూరులో చేసిన స్కానులో సన్న నాళాలు దెబ్బతిన్న గుర్తులు కొన్ని ఉన్నాయన్నారు, అవి వెనక్కి పోవు. మనవళ్ల పేర్లు ఒకరివి ఒకరికి పెడతాడు. కానీ తోట లెక్క ఆయనే చూస్తాడు, సాయంత్రం రచ్చకట్టకు పోతాడు. నాకు నలభై ఆరు, ఉగాదికి ఇంట్లో ఆయన మిషన్‌తోనే సరదాగా చూసుకుంటే నా బీపీ 146 వచ్చింది. వారం చూసి, డాక్టరు చెప్పాక నేనూ మాత్ర మొదలుపెట్టాను. ఇప్పుడు ఇద్దరి అంకెలూ ఆయనే రాస్తాడు, తోటకు నీళ్లు పెట్టిన లెక్క రాసే పాత నోటుబుక్కులోనే. నేను ఊర్లో లేకపోతే ఫోన్‌లో చెప్పించుకుని రాస్తాడు. మొన్న వెళ్లినప్పుడు తెరిచి చూశాను. ఒకే పేజీలో, కొంచెం వణికిన రాతలో ఇలా ఉంది: "శనివారం. నాకు 134. పెద్దోడికి 128. తూర్పు చాలు రెండు గంటలు. కొస చెట్లకు నీళ్లు అందినాయి."